ఆ కాన్పు క్షేమంగా జరిగి ఉంటే...

2023 మే 6, శనివారం మధ్యాహ్నం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మా అత్తమ్మా నేనూ తొక్కుకు తెచ్చిన మామిడికాయలు ముందర పోసుకుని, ఒక్కొక్కటీ తడి లేకుండా తుడుస్తూ టీవీలో లండన్ పట్టాభిషేకం చూస్తున్నాం. డెబ్భై నాలుగేళ్ళ వయసులో చార్లెస్ గారికి కిరీటం పెడుతున్నారు. ఆ వెనక వరసలో ఒక ఎనిమిదేళ్ళ పిల్ల తెల్లటి గౌను వేసుకుని, తలమీద వెండి ఆకుల్లాంటి అలంకారం పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. పక్కన ఆమె తమ్ముడు అయిదేళ్ళ వాడు, నోరంతా తెరిచి ఆవులిస్తున్నాడు.

“గా పిల్ల ఎవలు?” అన్నది అత్తమ్మ.

“చార్లెస్ కొడుకు బిడ్డ. పేరు షార్లెట్. తాత తరువాత తండ్రికి, తండ్రి తరువాత అన్నకు, అన్న తరువాత ఈమెకు వస్తుంది గద్దె.”

“మరి గా ఆవులిచ్చేటోడు తమ్ముడే గదా? మొగపిల్లగాడు ఉండంగ ఆడిపిల్లకు ముందుగాల ఎట్ల వస్తది?”

చూశారా, మన అత్తమ్మలు ఎంత సూటిగా అడుగుతారో! నిజమే, ఇదివరకు అక్కడా మన లెక్కే. అక్క ఎంత పెద్దదైనా సరే, తమ్ముడు పుడితే వాడే ముందు. 2013లో బ్రిటిష్ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2015 మార్చి నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ తరువాత అయిదు వారాలకే, మే 2న, ఈ షార్లెట్ పుట్టింది. 2018లో తమ్ముడు పుట్టినా ఈమె స్థానం కదలలేదు. ఆ దేశపు చరిత్రలో తమ్ముడు పుట్టినా వెనక్కి జరగని మొదటి రాజకుమారి ఈమేనట.

అయితే ఈ పిల్ల పేరు విన్నప్పుడల్లా నాకు ఇంకో షార్లెట్ గుర్తుకొస్తుంది. ఆమె రెండు వందల ఏళ్ళ కిందటి మనిషి. రాణి కావలసింది. కాలేదు. ఒక్క కాన్పు చెడిపోయినందుకు బ్రిటిష్ గద్దె వరసే మారిపోయింది. దాంతో ఏమేమి మారాయో అని లెక్క వేసుకుంటూ పోతే, ఆ లెక్క లండన్‌లో మొదలై హైదరాబాదు దాకా, మా డిచ్‌పల్లి దాకా వచ్చింది. సగం చరిత్ర, సగం ఊహ. తీరికగా చదవండి.

ఒక్కగానొక్క మనవరాలు

అప్పుడు ఇంగ్లండు రాజు మూడవ జార్జి. ఆయనకు పదిహేను మంది పిల్లలు. 1817 నాటికి పన్నెండు మంది బతికే ఉన్నారు, అందరూ పెద్దవాళ్ళే. ఇంతమంది ఉన్నా చట్టప్రకారం చెల్లే మనవసంతానం ఒక్కతే, పెద్దకొడుకు కూతురు షార్లెట్. మిగతా కొడుకుల్లో కొందరు పెళ్ళే చేసుకోలేదు, కొందరు పెళ్ళి కాకుండానే సంసారాలు పెట్టారు, కొందరికి పిల్లలు కలగలేదు. ఇంటినిండా మనుషులున్నా దీపం పెట్టే వాళ్ళు ఒక్కరే అంటామే, అట్లా.

షార్లెట్ 1796 జనవరిలో పుట్టింది. పుట్టిన కొద్దికాలానికే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి ఒకచోట, తండ్రి ఒకచోట, మధ్యలో దాదుల చేతుల్లో పెరిగింది. తండ్రి హాలెండు రాకుమారుడితో సంబంధం ఖాయం చేస్తే “వద్దు” అని 1814లో తెంచేసుకుంది. ఆ రోజుల్లో, రాజుల ఇంట్లో, పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆ మాట అనడం మాటలా! తరువాత తనకు నచ్చిన లియోపోల్డును 1816 మే 2న పెళ్ళి చేసుకుంది. ఇప్పటి షార్లెట్ పుట్టినదీ మే 2నే. ఆయన చిన్న జర్మను సంస్థానంవాడు, ఆస్తిపాస్తులు అంతంతమాత్రం. అయినా ఇద్దరూ అన్యోన్యంగా ఉన్నారు. జనానికి ఆమె అంటే ప్రాణం. ముసలి రాజుకు మతి చెదిరింది, తండ్రి విలాసపురుషుడు. ఈ పిల్ల రాణి అయితే దేశం బాగుపడుతుందని అందరూ ఆశపెట్టుకున్నారు.

రెండు సార్లు గర్భం నిలవలేదు. మూడోసారి నిలిచింది. వైద్యుడు రిచర్డ్ క్రాఫ్ట్ ఏం చేశాడో వింటే మీకు ఒళ్ళు మండుతుంది. బిడ్డ పెద్దది కాకూడదని తిండి తగ్గించాడు. పైగా ఒంట్లోంచి రక్తం తీయించాడు. అప్పట్లో అదే గొప్ప వైద్యం మరి! మన ఇళ్ళలో కడుపుతో ఉన్న కోడలికి నెయ్యి వేసి బువ్వ పెట్టి, పొద్దుకొకటి తినిపించే అమ్మలను చాదస్తులంటారు గానీ, ఆ రాజవైద్యుల కంటే వీళ్ళే నయం కదా.

నెలలు నిండిపోయి రెండు వారాలు దాటాక 1817 నవంబరు 3 సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. ఒకరోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. బిడ్డ అడ్డంగా ఉందని అనుమానం వచ్చినా పట్టకారు వేయలేదు. సలహాకు పిలిపించిన రెండో వైద్యుడిని ఆమె గదిలోకి రానివ్వనే లేదు. యాభై గంటల తరువాత 5వ తేదీ రాత్రి మగబిడ్డ పుట్టాడు, నిండైన బిడ్డ, తొమ్మిది పౌన్లు. కానీ ప్రాణం లేదు. తల్లి తట్టుకుందనే అనుకున్నారు. అర్ధరాత్రి దాటాక రక్తస్రావమై తెల్లవారుజామున రెండున్నరకు ఆమె కూడా పోయింది. ఇరవై ఒక్క ఏళ్ళు.

దేశమంతా ఎంత ఏడ్చిందంటే అంగళ్ళలో నల్లబట్ట తానులు అయిపోయాయట. ఎవరూ తప్పుపట్టకపోయినా క్రాఫ్ట్ మాత్రం మూడు నెలలకే, 1818 ఫిబ్రవరిలో, తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. ఒక్క కాన్పుకు మూడు ప్రాణాలు.

ఈ సంగతి చెబుతుంటే మా అత్తమ్మ చేతిలో కాయ అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. ఆమెకు మొదటి కాన్పు ఇంట్లోనే అయింది. మంత్రసాని రెండు దినాలు చూసి, ఇక నాతో కాదన్నాక ఎడ్లబండి కట్టారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె నాతో ఈ మాట చెప్పింది రెండుసార్లే.

అన్నదమ్ముల పెళ్ళిళ్ళ పందెం

షార్లెట్ పోగానే రాజకుటుంబంలో వారసుడు లేడు. అంతవరకు పెళ్ళి ఊసెత్తని నడివయసు కొడుకులకు ఒక్కసారిగా పెళ్ళిళ్ళ తొందర పుట్టింది. 1818 జూలైలో ఇద్దరు అన్నదమ్ములకు ఒకేరోజు, ఒకేచోట పెళ్ళి తంతు జరిపించారు. వాళ్ళలో విలియం భార్య అడిలేడుకు మొదటి ఆడపిల్ల పుట్టిన రోజే పోయింది. రెండో ఆడపిల్ల ఎలిజబెత్ మూడు నెలలు నిండకుండానే పోయింది. ఆ పసిగుడ్డు బతికినా కథ వేరే అయ్యేది. ఇంకో తమ్ముడు, కెంట్ డ్యూకుకు 1819 మే 24న ఆడపిల్ల పుట్టింది. ఎనిమిది నెలలకే తండ్రి పోయాడు. ఆ పిల్లే విక్టోరియా! 1837లో, పద్దెనిమిదేళ్ళు నిండిన నెలకే రాణి అయింది. 1901 దాకా అరవై మూడేళ్ళు ఏలింది.

అంటే షార్లెట్ కాన్పు క్షేమంగా జరిగి ఉంటే కెంట్ డ్యూకు ఆ పెళ్ళి చేసుకునేవాడే కాదు. విక్టోరియా పుట్టేదే కాదు. 1830లో తండ్రి పోగానే షార్లెట్ రాణి అయ్యేది, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో.

తెల్ల గౌను సంగతి

ఇక మనకు ఇష్టమైన బట్టల విషయానికి వద్దాం.

షార్లెట్ పెళ్ళి గౌను ఏ రంగో తెలుసా? వెండి! సన్నటి నెట్టు బట్ట మీద వెండి జరీ, అంచులో వెండి గుల్లలూ పూవులూ కుట్టించారు. మన భాషలో చెప్పాలంటే వెండి టిష్యూ చీరలాంటిది. పదివేల పౌన్లు దాటిందని చెప్పుకున్నారు. ఆ గౌను ఇంకా రాజకుటుంబం దగ్గర భద్రంగా ఉంది. రాజకుమార్తెలు పెళ్ళికి వెండి బట్టలే కట్టుకోవడం అక్కడి ఆచారం. మామూలు ఇళ్ళవాళ్ళు మట్టుకు నీలమో గోధుమరంగో, తరువాత ఆదివారాలు కట్టుకోవడానికి పనికొచ్చే గౌనే కుట్టించుకునేవారు. ఒక్క పూట కోసం తెల్లది కుట్టించుకుని పెట్టెలో పెట్టుకునే స్తోమత ఎవరికుంటుంది? ఉతకడమే పెద్ద పని.

విక్టోరియా 1840 ఫిబ్రవరి 10న ఆల్బర్టును పెళ్ళాడింది. వెండి వద్దంది. తెల్ల శాటిన్ పట్టు, దానిమీద హానిటన్ లేసు, తలలో నారింజ పూలు. పట్టు లండన్ మగ్గాల మీద నేసిందే. లేసు డెవన్ ప్రాంతపు ఊళ్ళలో ఆడవాళ్ళు చేత్తో అల్లింది. మిషను లేసు వచ్చి వాళ్ళ పని పడిపోతున్న రోజులవి. రాణి గారి లేసు కోసం రెండు వందల మందికి పైగా ఆడవాళ్ళకు నెలల తరబడి పని దొరికింది. చేనేత చీర కట్టండి అని మనకు ఇప్పుడు చెబుతారే, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట అని, అదే సంగతి. ఆ లేసును ఆమె వృథా కూడా చేయలేదు. పిల్లల నామకరణాలకు, వేడుకలకు మళ్ళీ మళ్ళీ వేసుకుంది. చివరికి తన పెళ్ళి ముసుగును తనతోపాటే పెట్టెలో పెట్టమంది. పెట్టారు.

తెల్లది కట్టిన మొదటి పెళ్ళికూతురు విక్టోరియా కాదు లెండి. అంతకుముందూ కొందరున్నారు. కానీ ఆమె బొమ్మలు అచ్చువేసి దేశదేశాలు పంచారు. 1849లో అమెరికాలో మనవంటి స్త్రీల పత్రికే ఒకటి, పెళ్ళికూతురికి తెలుపే తగిన రంగని రాసేసింది. పత్రికలు రాస్తే ఇంకేముంది, అదే ఆచారం అయి కూర్చుంది! ఇప్పుడు క్రైస్తవుల పెళ్ళంటే తెలుపే. మెదక్ చర్చిలోనైనా, మా నిజామాబాదు పక్క ఊళ్ళలోనైనా చూడండి, పెళ్ళికూతురు తెల్ల పట్టుచీర కట్టి, తలమీద తెల్ల ముసుగు వేసుకుంటుంది. షార్లెట్ బతికి ఉంటే బహుశా వాళ్ళంతా వెండి జరీ చీరలు కట్టుకునేవారేమో.

“తెల్లది కట్టుకుని పెళ్ళేందమ్మా!” అని వంక పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు. మరి మన మధుపర్కాలు ఏ రంగు? తెల్ల నూలు బట్టే కదా, అంచు మాత్రమే ఎరుపు. కాస్త పసుపు రాసి కట్టిస్తాం. ఆర్మూరు పసుపు పండే మా సీమలో పసుపుకు కొదువ లేదు కాబట్టి మేము ఒక గుప్పెడు ఎక్కువే వేస్తాం.

విక్టోరియా నేర్పిన ఇంకో రంగు నలుపు. 1861 డిసెంబరులో ఆల్బర్టు పోయాక తాను చనిపోయేదాకా, అంటే దాదాపు నలభై ఏళ్ళు, నల్లబట్టలే కట్టింది. విధవరాలు ఎన్నేళ్ళు నలుపు కట్టాలి, ఎప్పుడు బూడిదరంగు కట్టవచ్చు, ఏ నగ పెట్టవచ్చు అని లెక్కలు ఆ దేశంలో అంతకుముందే ఉన్నా, ఆమెను చూసి బిగుసుకుపోయాయి. నల్లరాతి నగలు చేసే విట్బీ అనే ఊరు ఆ గిరాకీతోనే బతికింది. మన దగ్గర విధవలకు తెల్లచీర కట్టించారని తెల్లవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు గానీ వాళ్ళు చేసిందీ అదే, రంగు మార్చి. అయితే విక్టోరియా తనకు తానుగా కట్టుకుంది. మన ముసలమ్మలకు ఎవరూ అడగను కూడా లేదు.

మన జాకెట్ల మీద కూడా ఆ కాలపు నీడ పడింది. పాత సంస్థానాల రాణుల ఫొటోలు చూడండి. మెడ దాకా కాలరు, బుట్టచేతులు, చేతుల చివర లేసు కుచ్చులు, పైన మాత్రం మన చీర! ముందు ముడివేసుకునే రైక పోయి గుండీల జాకెట్టూ లోపలి పెట్టీకోటూ నెమ్మదిగా ఇళ్ళలోకి వచ్చాయి. బెంగాలులో ఠాగూరుల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి బొంబాయి పార్సీలను చూసి చీర కింద జాకెట్టు, పెట్టీకోటు వేసుకోవడం తన వాళ్ళకు అలవాటు చేసింది. ఇదంతా విక్టోరియా ఒక్కతే వల్ల జరిగిందనను. షార్లెట్ ఏలినా దొరసానులు వచ్చేవారే, గౌన్లు చూసేవాళ్ళమే. కానీ మెడదాకా గుండీలు పెట్టే ఆ బిగింపు ఉండేది కాదేమో. షార్లెట్ పెరిగిన రోజుల్లో గౌన్లు ఛాతీ కిందనుంచి వదులుగా జారేవి. మనకూ ఎండాకాలంలో అంత ఉడుకు ఉండేది కాదు!

మత్తుమందూ, మన హైదరాబాదూ

విక్టోరియాకు తొమ్మిది కాన్పులు. ఆమెకు కాన్పులంటే అసహ్యం, దాచుకోకుండానే చెప్పేది. 1847లో ఎడింబరోలో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫాంను నొప్పులకు వాడటం మొదలుపెట్టాడు. ఆడది నొప్పులు పడే కనాలి, దేవుడి రాత అది, మత్తు ఇవ్వడం పాపం అని అన్నవాళ్ళు చాలామంది. 1853 ఏప్రిల్ 7న ఎనిమిదో కాన్పుకు రాణి గారే జాన్ స్నో అనే వైద్యుడిని పిలిపించుకుని, చేతిరుమాలు మీద క్లోరోఫాం వేయించుకుని పీల్చింది. ఇక నోరెత్తేదెవరు? మతానికి అధిపతి కూడా ఆమే కదా! షార్లెట్ యాభై గంటలు పడిన బాధ వల్ల గద్దె దక్కిన మనిషే, ఆ బాధకు మందు ఉందని లోకానికి చూపించింది.

ఇక్కడ మన హైదరాబాదు వస్తుంది. క్లోరోఫాంతో కొందరు రోగులు బల్లమీదే చనిపోతున్నారు, కారణం గుండెనా, ఊపిరా అని వైద్యులు తగువులాడుకున్నారు. హైదరాబాదు మెడికల్ స్కూలుకు పెద్దగా ఉన్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ దాన్ని తేల్చడానికి పూనుకున్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెండోదానికి లండన్ నుంచి పేరున్న డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు, ఖర్చుకు నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. నాడి సంగతి వదిలి ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలని వాళ్ళు తేల్చారు. గుండె కూడా ఆగుతుందని తరువాతి వాళ్ళు రుజువుచేశారు, అది వేరే సంగతి. కానీ ఊపిరిని కళ్ళలో వత్తులు వేసుకుని చూడమన్న మాట ఇప్పటికీ చెల్లుతుంది. ఆ ప్రయోగాల్లో రూపాబాయి ఫుర్దూన్జీ అనే పార్సీ అమ్మాయి కూడా పనిచేసింది, ఆ స్కూల్లో చదువుకున్నదే. మత్తుమందు ఇచ్చే తొలి మహిళా వైద్యుల్లో ఆమె పేరు చెప్పుకుంటారు. మన ఆడపిల్లలకు పాఠాల్లో ఈమె గురించి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

వంకర చెయ్యి మనవడు

విక్టోరియా పెద్దకూతురు జర్మనీకి కోడలుగా వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళకు, 1859 జనవరి 27న, తొలి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్ళతో వచ్చాడు. పెద్ద వైద్యుడికి రాసిన చీటీ ఎవరో మామూలు తపాలాలో పడేశారట, ఆయన ఆలస్యంగా వచ్చాడు. బిడ్డను లాగడంలో ఎడమచెయ్యి నరాలు దెబ్బతిన్నాయి. ఆ చెయ్యి జీవితాంతం పొట్టిగా, చచ్చుబడి ఉండిపోయింది. ఫొటోల్లో ఎప్పుడూ చేతితొడుగులు పట్టుకునో, కత్తిపిడి మీద పెట్టో దాచుకుంటాడు. అతనే కైజర్ విల్‌హెల్మ్, 1914లో మొదటి ప్రపంచయుద్ధానికి దిగిన జర్మనీ చక్రవర్తి.

ఇంకో మనవరాలు రష్యా జారుకు భార్య అయింది. విక్టోరియా నుంచి వచ్చిన హిమోఫీలియా, అంటే రక్తం గడ్డకట్టని జబ్బు, ఆమె ద్వారా 1904లో పుట్టిన ఒక్కగానొక్క కొడుక్కు వచ్చింది. ఆ బిడ్డ కోసమే ఆ తల్లి రాస్పుటిన్ అనే సాధువును నమ్మింది. జనానికి రాజు మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోయింది. 1917లో విప్లవం, మరుసటి ఏడు కుటుంబాన్నంతా కాల్చేశారు. షార్లెట్ బతికి ఉంటే ఈ జబ్బు ఆ ఇళ్ళకు పోయేదే కాదు. విప్లవం ఆగేదా? ఆకలితో ఉన్న జనం ఒక పిల్లవాడి జబ్బుతో లేచారని నేననుకోను.

సరే, కైజర్ పక్షాన యుద్ధంలో దిగిన టర్కీ 1918లో ఓడింది. సుల్తాను గద్దె పోయింది, 1924 మార్చిలో ఖలీఫా పదవి కూడా రద్దయింది. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుటుంబంతో దేశం విడిచి ఫ్రాన్సు చేరాడు. ఆ కుటుంబానికి నెలకు మూడు వందల పౌన్లు పంపింది ఎవరో కాదు, మన ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. చిరుగుల టోపీ పెట్టుకునే ఆ పిసినారి నవాబే!

ఆ చుట్టరికం పెళ్ళిళ్ళ దాకా వచ్చింది. 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో నిజాం పెద్దకొడుకు ఆజంజాకు ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను, రెండో కొడుకు మొఅజ్జంజాకు నిలోఫర్‌ను ఇచ్చి చేశారు. ఒకామెకు పదిహేడేళ్ళు, ఒకామెకు పదిహేను. ఓడలో బొంబాయికి వస్తూనే వాళ్ళకు చీరకట్టు నేర్పించారు. ఊగే ఓడలో కుచ్చిళ్ళు పెట్టుకోవడం ఊహించుకోండి! మనకు నేలమీదే ఒకోసారి కుదరవు.

తోడికోడళ్ళిద్దరూ చీరకు కొత్త సొగసు తెచ్చారు. దుర్రు షెహ్వార్ చాలా పొడవు, మాట తక్కువ, హుందా ఎక్కువ. 1937 మే 12న లండన్‌లో ఆరవ జార్జి పట్టాభిషేకానికి భర్తతో వెళ్ళింది. ఆ ముహూర్తం అసలు అన్నగారైన ఎనిమిదవ ఎడ్వర్డుకు పెట్టింది. ఆయన విడాకులు తీసుకున్న సింప్సన్ అమ్మను చేసుకుంటానని 1936 డిసెంబరులో గద్దె వదిలేస్తే, అదే రోజున తమ్ముడికి కిరీటం పెట్టారు. ఆయన వదలకపోతే 1947లో ఎలిజబెత్ పెళ్ళినాటికి ఆమె రాజుగారి తమ్ముడి కూతురే. అప్పుడు మన నిజాం కార్టియే దుకాణంలో ఆమెను మెచ్చిన నగ ఏరుకోమని చెప్పి, ఆ వజ్రాల హారం, కిరీటం ఇప్పించేవాడా? ఆ హారాన్నే 2014లో మనవడి భార్య కేట్ కూడా పెట్టుకుంది.

నిలోఫర్ అందగత్తె అని ప్రపంచమంతా చెప్పుకుంది. సన్నటి బట్టల మీద జరీ పనితనంతో కుట్టించిన ఆమె చీరలు న్యూయార్కు ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం దాకా చేరాయి. కానీ పిల్లలు కలగలేదు. ఎంతమంది డాక్టర్లకు చూపించుకున్నా ఫలితం లేదు. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, 1952లో విడాకులయ్యాయి. చీరలు, అందం, అంతఃపురం ఏవీ అడ్డురాలేదు.

ఆమె దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి 1949లో కాన్పులో చనిపోయింది. నిలోఫర్ విలవిలలాడి, ఇంకెవరికీ ఈ గతి రాకూడదని మామగారిని అడిగి తల్లులకు, పిల్లలకు ఆసుపత్రి కట్టించేందుకు పూనుకుంది. అదే రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రి. మా జిల్లాలో పసిపిల్లకు ఊపిరాడక నీలం తిరిగితే ఇప్పటికీ డాక్టరు చీటీ మీద రాసేది ఆ పేరే. కన్నతల్లి కాలేకపోయిన మనిషి పేరు పట్టుకుని తల్లులు రాత్రి బస్సులెక్కుతారు.

షార్లెట్ కాన్పు నిలబడి ఉంటే విక్టోరియా లేదు, వంకర చెయ్యి కైజర్ లేడు, బహుశా ఆ యుద్ధం ఆ తీరుగా లేదు, ఖలీఫా ఇస్తాంబుల్‌లోనే ఉండేవాడు, నిలోఫర్ చీర కట్టేదే కాదు. ఇంత పొడుగు గొలుసులో ఏ కొక్కెం ఎక్కడ వదులో చెప్పలేం. ఆసుపత్రి మాత్రం కళ్ళముందు ఉంది.

ఇక నిజాం గద్దె సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆజంజా అప్పులూ ఖర్చులూ నచ్చక ఉస్మాన్ అలీ ఖాన్ 1954లో కొడుకును దాటేసి, దుర్రు షెహ్వార్ కొడుకు ముకర్రంజాను వారసుడిగా ప్రకటించాడు. ఆమె గద్దె భార్య కాలేదు, గద్దెకు తల్లి అయింది. అప్పటికే 1948 పోలీసు చర్యతో రాజ్యం పోయింది, మిగిలింది బిరుదే. 1967లో చౌమహల్లాలో మనవడికి ముచ్చట జరిపించారు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం కొనుక్కుని కొన్నేళ్ళు అక్కడుండి, 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయారు. తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. తల్లి పుట్టిన ఊళ్ళో పోయి, తండ్రి ఊళ్ళో మట్టి అయ్యారు.

మా ఊళ్ళో విక్టోరియా

డిచ్‌పల్లి అంటే బయటివాళ్ళకు గుట్టమీది రాముల గుడి తెలుస్తుంది, ఇప్పుడైతే తెలంగాణ విశ్వవిద్యాలయం తెలుస్తుంది. పాతవాళ్ళకు మాత్రం దవాఖాన. స్కాట్లాండు నుంచి 1907లో భర్త జార్జితో వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అబర్డీనులో వైద్యం చదివింది. నిజామాబాదులో ఆమె కుష్ఠురోగుల దుస్థితి చూసింది. ఇళ్ళలోంచి వెళ్ళగొట్టిన వాళ్ళు, చెట్లకింద పడి ఉన్నవాళ్ళు. రాజా నర్సాగౌడ్ గారు పెద్దమనసుతో డబ్బిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచింది. విక్టోరియా ఆసుపత్రి అని పేరు. చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. 1923లో ఆమెకు కైసరె హింద్ పతకం వచ్చింది. 1932లో చనిపోయేదాకా ఈ పనిలోనే ఉంది.

విక్టోరియా కాలంలోనే, 1885లో, ఆమె కోరిక మీద వైస్రాయి భార్య లేడీ డఫ్రిన్ పేరుతో ఒక నిధి పెట్టి, మన ఆడవాళ్ళను చూసేందుకు ఆడ డాక్టర్లను తయారుచేశారు. పరదా చాటున మగ వైద్యుడికి నాడి కూడా చూపించని రోజుల్లో అది చిన్న సంగతి కాదు. షార్లెట్ ఏలి ఉంటే ఆమె కూడా ఆ పని చేసేదేమో. చావు అంచు చూసి బతికి ఉంటే ఇంకా ముందే చేసేదేమో. మా ఊరి ఆసుపత్రికి షార్లెట్ ఆసుపత్రి అని పేరుండేది, మా ముసలివాళ్ళ నోట్లో అది “శార్లటు దవాఖాన” అయ్యేది.

ఇదంతా చెప్పేసరికి పట్టాభిషేకం అయిపోయి, రాజూ రాణీ బంగారు బండి ఎక్కారు. కాయలు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. అత్తమ్మ టీవీ చూడటం ఎప్పుడో మానేసింది.

“గా సచ్చి పుట్టిన పిల్లగానికి పేరు వెట్టిన్రా?” అన్నది.

“లేదు అత్తమ్మా. విండ్సరులో తల్లి కాళ్ళ దగ్గర పెట్టి పూడ్చారట.”

“మా దానికి గూడ పెట్టలే,” అని ఇంకో మామిడికాయ చేతిలోకి తీసుకుంది.